నేల మీద సూర్యుడు: పోటీ ఎంత, పొత్తు ఎంత?

దోహా నగరానికి నైరుతి దిక్కున, సల్వా రోడ్డును ఆనుకుని ఇండస్ట్రియల్ ఏరియా ఉంది. అరబ్బీలో సనయ్యా అంటారు. గ్యారేజీలు, గోదాములు, వెల్డింగ్ షాపులు, ఇనుప యార్డులు, వాటి మధ్య కార్మికుల క్యాంపులు. అక్కడి వీధులను నంబర్లతో చెబుతారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమ నుంచి ఖతర్ వెళ్లినవాళ్లలో ఈ నంబర్లు తెలియనివాళ్లు తక్కువ.

ఎండాకాలంలో ఆ క్యాంపుల్లో ఏసీ ఆగితే రాత్రి నిద్ర ఉండదు. ఆ ఏసీని నడిపే కరెంటులో అత్యధిక భాగం సహజవాయువును మండించి తీసిందే. కుళాయి నీళ్లు కూడా ఆ గ్యాసు బలంతో ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్లే. సూర్యుడిలో జరిగే పనిని భూమ్మీద జరిపించి కరెంటు తీస్తారన్న వార్త ఫోనులో చూసినప్పుడు అక్కడున్న మనిషికి కొన్ని అనుమానాలు రాకమానవు. అది నిజంగా వస్తే ఈ గ్యాసు ఏమవుతుంది? గ్యాసు మీద బతికే పనులు ఏమవుతాయి? ఒకరంటే ఒకరికి పడని అమెరికా, రష్యా, చైనా ఆ పని కోసం ఒకే చోట ఎలా కూర్చున్నాయి? కలిసి కూర్చున్నవాళ్లు మళ్లీ ‘మేమే ముందు’ అని ఎవరికి వాళ్లు ఎందుకు పరుగెడుతున్నారు?

ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే గుంటూరు, ఖతర్, ఫ్రాన్స్ ఒకే కథలోకి వస్తాయి. ముందుగా ఆ వేడి ఎలా పుడుతుందో చూద్దాం.

కలిస్తే పుట్టే వేడి

కల్పాక్కం, కూడంకుళం వంటి అణు కేంద్రాల్లో జరిగేది బరువైన అణువులను చీల్చడం. సూర్యుడిలో జరిగేది దానికి తలకిందులు. అక్కడ తేలికైన హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసి హీలియం అవుతాయి. కలిశాక వచ్చిన పదార్థం బరువు, కలవకముందు ఉన్న బరువు కంటే కాస్త తక్కువ. ఆ తగ్గిన బరువే శక్తిగా బయటపడుతుంది. దీన్ని కేంద్రక సంలీనం అంటారు. వార్తల్లో న్యూక్లియర్ ఫ్యూజన్ అని వినిపించేది ఇదే.

భూమ్మీద దీన్ని చేయడానికి హైడ్రోజన్ కుటుంబంలోని రెండు బరువైన రకాలను ఎంచుకున్నారు. ఒకటి డ్యుటీరియం. నీటిలోని ప్రతి ఆరువేల నాలుగువందల హైడ్రోజన్ అణువుల్లో దాదాపు ఒకటి ఇదే. మణుగూరు దగ్గర అశ్వాపురంలో ఉన్న భారజల కర్మాగారం గోదావరి నీటి నుంచి వేరుచేసేది దీన్నే. రెండోది ట్రిటియం. ఇది ప్రకృతిలో దాదాపు దొరకదు. పన్నెండేళ్ల చిల్లరకు సగం కరిగిపోతుంది కాబట్టి దాచుకుందామన్నా నిలవదు. ప్రపంచంలో ఉన్న కొద్దిపాటి నిల్వ ముఖ్యంగా భారజల అణు రియాక్టర్లలో పుట్టిందే.

ఈ రెండూ కలిస్తే ఒక హీలియం కేంద్రకం, ఒక న్యూట్రాన్ వస్తాయి. పుట్టిన శక్తిలో అయిదింట నాలుగు వంతులు న్యూట్రాన్ పట్టుకుపోతుంది. అది చుట్టూ ఉన్న గోడలో ఆగి దాన్ని వేడెక్కిస్తుంది. ఆ వేడితో నీళ్లు ఆవిరై టర్బైన్ తిరగాలి. చివరి మెట్టు మామూలు థర్మల్ కేంద్రంలో ఉన్నట్టే. తేడా అంతా ఇంధనం బరువులో ఉంది. ఇంగ్లండులోని జెట్ అనే యంత్రం 2023 అక్టోబరు 3న అయిదు సెకండ్లపాటు 69 మెగాజౌళ్ల శక్తిని పుట్టించింది. బొగ్గుతో అయితే దానికి రెండు కిలోలు కావాలి. జెట్‌లో ఖర్చయిన ఇంధనం 0.2 మిల్లీగ్రాములు.

ఇంత లాభం ఉన్న పని ఇన్నేళ్లుగా ఎందుకు పూర్తి కాలేదు? కేంద్రకాలన్నిటికీ ధనావేశమే ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసేస్తాయి. ఆ తోపును మించిన వేగంతో వస్తేనే అవి కలుస్తాయి. వేగం కావాలంటే వేడి కావాలి. సూర్యుడి నడిబొడ్డులో వేడి కోటిన్నర డిగ్రీలు. అక్కడ సూర్యుడి సొంత బరువు కూడా అణచిపెడుతుంది కాబట్టి ఆ వేడి సరిపోతుంది. భూమ్మీద ఆ బరువు లేదు. అందువల్ల పదిహేను కోట్ల డిగ్రీలు కావాలి. అంత వేడిలో అణువు నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి పదార్థం ప్లాస్మాగా మారుతుంది. దాన్ని ఏ పాత్రలోనూ పోయలేం, కానీ దానికి విద్యుదావేశం ఉంది కాబట్టి అయస్కాంతాల మాట వింటుంది. ఉంగరం ఆకారపు గదిలో, గోడకు తగలకుండా, అయస్కాంత బలంతో దాన్ని గిరగిరా తిప్పే యంత్రం పేరు టోకమాక్.

అదుపు తప్పితే పేలుతుందన్న భయం ఈ యంత్రానికి వర్తించదు. గదిలో ఏ క్షణాన చూసినా ఉండే ఇంధనం రెండు మూడు గ్రాములకు మించదు. ఏ చిన్న లోపం వచ్చినా ప్లాస్మా చల్లబడి ఆరిపోతుంది. ఇబ్బంది మరోచోట ఉంది. న్యూట్రాన్ల దెబ్బకు గోడల ఉక్కు రేడియోధార్మికమవుతుంది, ట్రిటియం ఎక్కడా బయటికి రాకుండా చూసుకోవాలి. ప్రమాదం చిన్నది. జాగ్రత్త మాత్రం పెద్దదే.

గుంటూరులో కనిపించిన పసుపు గీత

ఈ కలయికలో పుట్టే హీలియాన్ని మనుషులు మొదట గమనించింది సూర్యుడిలోనే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరం మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపటదర్శినిలో విడదీసి చూస్తే ఒక పసుపు గీత కనిపించింది. అది సోడియం గీత అనుకున్నారు, కానీ చోటు సరిగ్గా కుదరలేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకయర్ కూడా ఆ గీతనే చూసి, ఇది భూమ్మీద తెలియని కొత్త మూలకానిదన్న ఆలోచనకు వచ్చాడు. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరు పడింది. భూమ్మీద అది దొరకడానికి ఇంకో 27 ఏళ్లు పట్టింది. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి దాన్ని వేరుచేశాడు.

యురేనియం ఖనిజంలో దొరకడం కాకతాళీయం కాదు. నేల లోతుల్లో యురేనియం, థోరియం క్షీణిస్తున్నకొద్దీ హీలియం పుడుతుంది. కోట్ల ఏళ్లుగా అలా పుట్టినదాంట్లో కొంత పైకి పోలేక సహజవాయువుతో పాటు రాళ్ల కింద చిక్కుకుంది. ఖతర్ సముద్రగర్భంలో, ఇరాన్‌తో పంచుకున్న నార్త్ ఫీల్డ్ ప్రపంచంలోకెల్లా పెద్ద గ్యాసు నిక్షేపం. అందులో హీలియం వెయ్యో వంతు కూడా ఉండదు. దాని ఒక్కదాని కోసమే తవ్వితే గిట్టుబాటు కాదు. రాస్ లఫ్ఫాన్‌లో గ్యాసును ఓడల్లో పంపడానికి మైనస్ 162 డిగ్రీలకు చల్లబరచి ద్రవం చేస్తారు. ఆ చలికి మీథేన్ ద్రవమైపోతుంది, హీలియం మాత్రం వాయువుగానే మిగిలిపోతుంది. అలా మిగిలినదాన్ని పట్టి శుద్ధి చేసే మొదటి ప్లాంటు 2005లో, రెండోది 2013లో మొదలయ్యాయి. ఆ రెండింటితో ప్రపంచ హీలియం సరఫరాలో దాదాపు నాలుగో వంతు ఖతర్ చేతికి వచ్చింది.

హీలియం ద్రవం కావాలంటే మైనస్ 269 డిగ్రీలు కావాలి. దాన్ని మోసే కంటైనరును ఒకసారి దగ్గరగా చూడాలి. లోపలి ట్యాంకులో సుమారు 40 వేల లీటర్ల ద్రవ హీలియం. దాని చుట్టూ శూన్యం, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచిన తొడుగు, ఆపైన బయటి ఉక్కు పెంకు. ఎంత జాగ్రత్తపడినా బయటి వేడి కొంచెం కొంచెంగా లోపలికి పాకుతూనే ఉంటుంది. నెలా పదిహేను రోజుల లోపు గమ్యం చేరకపోతే లోపల ఒత్తిడి పెరిగి, హీలియాన్ని గాలిలోకి వదిలేయాల్సి వస్తుంది. గాలిలోకి వెళ్లిన హీలియం తిరిగి చేతికి రాదు. అంత తేలికైనదాన్ని భూమి పట్టి ఉంచలేదు, మెల్లగా అంతరిక్షంలోకి జారిపోతుంది.

2017 జూన్‌లో సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. సల్వా రోడ్డు చివర ఉన్న అబూ సమ్రా సరిహద్దు మూతపడింది. అప్పటివరకు హీలియం కంటైనర్లు లారీల మీద ఆ సరిహద్దు దాటి, సౌదీ మీదుగా దుబాయి రేవుకు చేరేవి. దారి పోవడంతో రాస్ లఫ్ఫాన్‌లోని రెండు హీలియం ప్లాంట్లూ ఆగిపోయాయి. కొన్ని వారాలకు సముద్రం మీదుగా వేరే దారి కుదిరాకే మళ్లీ నడిచాయి. ఆ కొద్ది రోజుల్లోనే, ద్రవ హీలియంతో చల్లబడే ఎంఆర్ఐ యంత్రాలున్న ఆసుపత్రుల నుంచి ప్రయోగశాలల దాకా ఆందోళన పాకింది.

సంలీన యంత్రాలకు ఈ సంగతి మరీ ముఖ్యం. ప్లాస్మాను పట్టి ఉంచే భారీ అయస్కాంతాల్లో మామూలు రాగి తీగ వాడితే యంత్రం పుట్టించే కరెంటు దానికే చాలదు. అందుకని కరెంటుకు ఏ అడ్డూ చెప్పని అతివాహక తీగలు వాడతారు. వాటికి ఆ గుణం గడ్డకట్టించే చలిలోనే వస్తుంది. ఆ చలిని ఇచ్చేది ద్రవ హీలియమే. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ యంత్రానికి 25 టన్నుల హీలియం కావాలి, అంటే ఇలాంటి కంటైనర్లు ఓ అరడజను. సూర్యుడి పనిని నేల మీద చేయించడానికి, సూర్యుడిలో పుట్టే పదార్థమే నేలలోంచి రావాలి. ఆ పదార్థం కొద్ది దేశాల్లోనే ఉంది. పొత్తు అవసరం ఇక్కడే మొదలవుతుంది.

రహస్యం తలుపులు తెరిచిన రోజులు

ఈ రంగం పోటీతోనే పుట్టింది. 1950ల మొదట్లో అమెరికా, సోవియట్ రష్యా, బ్రిటన్ ఎవరి గదిలో వాళ్లు తలుపులు వేసుకుని పనిచేశారు. 1955 ఆగస్టులో జెనీవాలో ఐక్యరాజ్యసమితి మొదటి అణుశక్తి సదస్సు జరిగింది. దానికి అధ్యక్షత వహించిన హోమీ భాభా, రెండు దశాబ్దాల్లో సంలీన శక్తిని అదుపులోకి తెచ్చే పద్ధతి దొరుకుతుందని బాహాటంగా చెప్పారు. లోపల ఏం జరుగుతోందో ఎవరూ నోరు విప్పని రోజుల్లో ఆ మాట సంచలనమైంది. మరుసటి ఏడాది సోవియట్ శాస్త్రవేత్త ఈగర్ కుర్చతోవ్ ఇంగ్లండులోని హార్వెల్‌కు వెళ్లి తమ ప్రయోగాల వివరాలు చెప్పేశాడు. 1958 నాటి రెండో జెనీవా సదస్సులో మూడు దేశాలూ తమ యంత్రాల వివరాలు బయటపెట్టాయి.

తలుపులు తెరవడానికి మంచితనం ఒక్కటే కారణం కాదు. ప్లాస్మా ఎవరి మాటా వినలేదు. క్షణంలో వంకర తిరిగి, గోడకు తగిలి ఆరిపోయేది. ఈ యంత్రంతో బాంబు రాదని కూడా తేలింది. దాచుకోవడానికి సైనిక రహస్యం లేనప్పుడు, అందరూ ఒకే గోడకు తల కొట్టుకుంటున్నప్పుడు, దాచడం వల్ల నష్టమే మిగిలింది.

సొంత కొలతను నమ్ముకుంటే ఏమవుతుందో కూడా అదే ఏడాది తెలిసింది. 1958 జనవరిలో బ్రిటన్ తన జీటా యంత్రంలో సంలీనం జరిగిందని ప్రకటించింది. కొన్ని నెలలకే ఆ న్యూట్రాన్లు వేడి వల్ల పుట్టినవి కావని తేలి, ప్రకటన వెనక్కి తీసుకుంది. పదేళ్ల తర్వాత, 1968లో, సోవియట్ శాస్త్రవేత్త లెవ్ ఆర్త్సిమోవిచ్ తమ టీ-3 టోకమాక్‌లో కోటి డిగ్రీల వేడి వచ్చిందన్నప్పుడు పాశ్చాత్యులు నమ్మలేదు. అప్పుడాయన బ్రిటిష్ వాళ్లనే వచ్చి కొలిచి చూడమన్నాడు. ప్రచ్ఛన్నయుద్ధం ముమ్మరంగా ఉన్న కాలమది. సోవియట్ సేనలు చెకోస్లొవేకియాలో దిగినది కూడా ఆ ఏడాదే. అయినా కల్హామ్ ప్రయోగశాల బృందం టన్నుల కొద్దీ పరికరాలతో మాస్కో వెళ్లింది. ప్లాస్మాలోకి లేజర్ కాంతి పంపి, ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరిన కాంతి రంగు ఎంత మారిందో చూసి వేడిని లెక్కకట్టింది. రష్యన్లు చెప్పింది నిజమే. ఆ ఫలితం 1969లో అచ్చయ్యాక ప్రపంచమంతా టోకమాక్ దారి పట్టింది.

ఇక్కడొక విషయం గట్టిగా చెప్పాలి. రష్యా గెలుపును నిలబెట్టింది దాని ప్రత్యర్థి చేసిన కొలత. పోటీదారు తన గది తలుపు తెరిచి, నువ్వే వచ్చి చూసుకో అన్న రోజే ఈ శాస్త్రం ముందుకు కదిలింది. ఈ రంగంలో పొత్తు అనేది పోటీకి వ్యతిరేకమైనది కాదు. గెలిచింది ఎవరో నలుగురూ ఒప్పుకోవాలంటే అదే ఆధారం.

ఏడుగురు కలిసి కడుతున్న యంత్రం

1985 నవంబరులో జెనీవాలో రీగన్, గోర్బచేవ్ కలిసినప్పుడు అందరి మేలు కోసం సంలీన పరిశోధన కలిసి చేద్దామన్న మాట వచ్చింది. దాని ఫలమే ఈటర్. అమెరికా 1999లో బయటికి పోయి 2003లో మళ్లీ చేరింది. చైనా, దక్షిణ కొరియా వచ్చాయి. 2005 డిసెంబరులో భారతదేశం ఏడో సభ్యురాలైంది. యంత్రం తమ దేశంలోనే ఉండాలని ఫ్రాన్స్, జపాన్ పట్టుబట్టాయి. చివరికి 2005 జూన్‌లో ఫ్రాన్స్‌లోని కాదరాష్ ఖరారైంది. జపాన్‌కు బదులుగా నాకాలో మరో టోకమాక్ కట్టడానికి యూరప్ చేయి కలిపింది. జేటీ-60ఎస్ఏ అనే ఆ యంత్రం 2023లో మొదటి ప్లాస్మా చూసింది. ఒక పోటీని ఇంకో పొత్తుతో తీర్చుకున్నారు.

ఖర్చులో యూరప్ వాటా 45 శాతం పైన, మిగతా ఆరుగురిదీ తలా 9 శాతం. చాలావరకు డబ్బుగా కాకుండా వస్తువుగా ఇవ్వాలి. ఒకే రకం అయస్కాంతాలను జపాన్, యూరప్ వేరువేరుగా తయారుచేశాయి. ప్లాస్మా గది తొమ్మిది ముక్కల్లో నాలుగు కొరియావి, అయిదు యూరప్‌వి. చౌకగా చేయాలంటే ఒకే ఫ్యాక్టరీకి ఇచ్చేవాళ్లు. ఇక్కడ అందరూ పని నేర్చుకోవాలన్నదే లక్ష్యం.

మన వాటాలో పెద్దది క్రయోస్టాట్. అదేమిటో ఒక ఫ్లాస్కుతో చెప్పుకోవచ్చు. ఇండస్ట్రియల్ ఏరియాలో తెల్లవారుజామున బస్సెక్కేవాళ్లలో చాలామంది చేతిలో స్టీలు ఫ్లాస్కు ఉంటుంది. దాని రెండు గోడల మధ్య గాలి తీసేస్తారు. మోయడానికి గాలే లేనప్పుడు వేడి ఇవతలి గోడ నుంచి అవతలి గోడకు దాటలేదు. మెరిసే లోపలి పూత, వెలుతురులా వచ్చే వేడిని తిప్పికొడుతుంది. అందుకే మధ్యాహ్నానికీ టీ వేడిగా ఉంటుంది, చల్లటి నీళ్లు పోస్తే చల్లగానే ఉంటాయి. ఆ ఫ్లాస్కును 29 మీటర్ల ఎత్తుకు, 29 మీటర్ల వెడల్పుకు పెంచి, 3,850 టన్నుల ఉక్కుతో చేస్తే క్రయోస్టాట్. దాని లోపల మైనస్ 269 డిగ్రీల అయస్కాంతాలు, వాటికి కొద్ది మీటర్ల దూరంలో పదిహేను కోట్ల డిగ్రీల ప్లాస్మా. మధ్యలో వేడి దాటకుండా కాపాడేది ప్రధానంగా శూన్యమే. ఫ్లాస్కు మూత దగ్గర సందు ఉంటే టీ చల్లారుతుంది. ఇక్కడ ఒక్క వెల్డింగులో వెంట్రుకవాసి రంధ్రం ఉన్నా శూన్యం చెడి మొత్తం యంత్రం ఆగుతుంది. గుజరాత్‌లోని హజీరాలో లార్సెన్ అండ్ టూబ్రో 54 ముక్కలుగా దీన్ని తయారుచేసి ఓడల్లో పంపింది. కాదరాష్‌లో భారత్ కట్టించిన వర్క్‌షాపులో వాటిని అతికి నాలుగు పెద్ద భాగాలు చేశారు. 1,250 టన్నుల అడుగు భాగాన్ని 2020 మేలో గుంతలోకి దించారు. గాంధీనగర్‌లోని ఈటర్-ఇండియా ఈ పనులు చూస్తుంది. అదే ఊళ్లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989 నుంచి ఆదిత్య టోకమాక్ పనిచేస్తోంది.

కలిసి కట్టడానికి వెల కూడా కట్టాల్సి వచ్చింది. వేరువేరు దేశాల్లో చేసిన ముక్కలు మిల్లీమీటర్ తేడా లేకుండా కలవాలి. ప్లాస్మా గది ముక్కల అంచులు సరిగా లేవనీ, వేడి కవచాల గొట్టాల్లో తుప్పు వల్ల పగుళ్లు వచ్చాయనీ 2022 నాటికి బయటపడింది. బిగించినదాన్ని మళ్లీ ఎత్తి బాగుచేశారు. మొదట 2016లోనే ప్లాస్మా వస్తుందనుకున్న యంత్రంలో, 2024లో ప్రకటించిన కొత్త లెక్క ప్రకారం ప్రయోగాలు 2034లో మొదలవుతాయి. అసలు ఇంధనం మండేది 2039లో. 50 మెగావాట్ల వేడి ప్లాస్మాలోకి పంపి 500 మెగావాట్లు రాబట్టడం దాని గురి. కరెంటు మాత్రం తీయదు, అది ప్రయోగ యంత్రమే.

ఆలస్యమైనా పొత్తు మాత్రం తెగలేదు. ఉక్రెయిన్ యుద్ధం వల్ల రష్యాపై యూరప్ ఆంక్షలు విధించిన 2022లోనే, నవంబరులో, రష్యా తన వాటా అయిన 200 టన్నుల వలయాకార అయస్కాంతాన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఓడెక్కించింది. యూరప్ ఇవ్వాల్సిన మరో అయస్కాంతాన్ని చైనాలోని హఫే నగరంలో చేయించారు. వేరే ఏ విషయంలోనూ మాట కలవని దేశాలు ఇక్కడ బోల్టుకు బోల్టు బిగిస్తున్నాయి.

పందెంలో ఎవరెక్కడ?

ఈటర్ ఆలస్యమయ్యేకొద్దీ పోటీ వేడెక్కింది. పత్రికల్లో వచ్చే రికార్డులు మూడు రకాలు. వాటిని కలగలిపి చదివితే తికమక తప్పదు.

మొదటిది ఎంతసేపు నిలిపారన్నది. చైనాలోని ఈస్ట్ యంత్రం 2025 జనవరి 20న ప్లాస్మాను 1,066 సెకండ్లు నిలిపింది. నెల తిరక్కముందే, ఫిబ్రవరి 12న, ఫ్రాన్స్‌లోని వెస్ట్ 1,337 సెకండ్లు నిలిపింది. రెండోది ఎంత వేడి అన్నది. కొరియాలోని కేస్టార్ పది కోట్ల డిగ్రీల వేడిని 48 సెకండ్లు పట్టి ఉంచింది. మూడోది ఎంత పెడితే ఎంత వచ్చిందన్నది. అమెరికాలోని నిఫ్ ప్రయోగశాల టోకమాక్ కాదు. మిరియపు గింజంత ఇంధన గుళిక మీదికి లేజర్లు వదులుతుంది. 2022 డిసెంబరు 5న 2.05 మెగాజౌళ్ల లేజర్ కాంతికి 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. చరిత్రలో మొదటిసారి పెట్టినదాని కంటే వచ్చింది ఎక్కువైంది. ఆ కాంతిని పుట్టించడానికి లేజర్లు లాగిన కరెంటు మాత్రం 300 మెగాజౌళ్లు. ఎక్కువసేపు, తగిన వేడితో, లాభసాటిగా, ఈ మూడూ ఒకే యంత్రంలో ఇంకా ఎవరికీ కుదరలేదు.

ప్రైవేటు కంపెనీలు కూడా దిగాయి. అమెరికాలోని కామన్వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్, ఎంఐటీ కలిసి 2021లో కొత్తరకం అతివాహక టేపుతో 20 టెస్లాల బలమున్న అయస్కాంతం చేశాయి. ఈ టేపు మైనస్ 253 డిగ్రీల దగ్గర కూడా పనిచేస్తుంది. అయస్కాంతం బలం పెరిగితే యంత్రం సైజు తగ్గుతుంది. ఆ నమ్మకంతోనే ఆ కంపెనీ స్పార్క్ అనే చిన్న టోకమాక్ కడుతోంది. హీలియన్ అనే కంపెనీ 2028 నుంచి మైక్రోసాఫ్ట్‌కు సంలీన కరెంటు అమ్ముతానని 2023లో ఒప్పందం రాసిచ్చింది. చైనా 2025 జులైలో 1,500 కోట్ల యువాన్ల మూలధనంతో ఒక జాతీయ కంపెనీ పెట్టింది. ఈటర్‌లో పక్కపక్కన పనిచేసేవాళ్లే ఇళ్లకు వెళ్లి వేరువేరు జట్లలో ఆడుతున్నారు.

ఇందులో తప్పు లేదు. స్పార్క్ కట్టేవాళ్లకు టోకమాక్ గురించి తెలిసినదంతా అరవై ఏళ్లుగా అన్ని దేశాలూ అచ్చువేసి పంచుకున్న జ్ఞానమే. ఆ పునాది మీద కంపెనీలు వేగం తెస్తున్నాయి. నా బెంగ ఒక్కటే. పెట్టుబడి పెరిగేకొద్దీ ఫలితాలు మళ్లీ తలుపుల వెనక్కి పోతే, జీటా లాంటి తొందరపాటు ప్రకటనలు తిరిగి వస్తాయి, సరిచేసే పొరుగువాడు మాత్రం ఉండడు. ఇంకా విడిపోని చిక్కులూ ఉన్నాయి. ట్రిటియాన్ని లిథియం నుంచి యంత్రం తనకు తానే పుట్టించుకోవాలి. ఆ పని పెద్ద ఎత్తున ఎవరూ చేసి చూపలేదు. న్యూట్రాన్ల దెబ్బకు తట్టుకునే గోడ కావాలి. హైదరాబాద్ కాంచన్‌బాగ్‌లోని మిధాని, కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం, గాంధీనగర్ సంస్థ కలిసి అలాంటి గోడల కోసమే ప్రత్యేకమైన ఉక్కును తయారుచేశాయి. మామూలు ఉక్కులోని మాలిబ్డినం, నియోబియం వంటివాటికి బదులు టంగ్‌స్టన్, టాంటలం కలిపితే, గోడలోని రేడియోధార్మికత వేల ఏళ్లు కాకుండా వందేళ్ల లెక్కలో తగ్గిపోతుంది.

ఖతర్ చేతిలో ఏముంది, మన చేతిలో ఏముంది?

ఖతర్ ఈటర్‌లో సభ్యదేశం కాదు. గ్యాసు భవిష్యత్తు గురించి అది ఏమనుకుంటోందో ఒప్పందాలే చెబుతాయి. ఏటా 75 లక్షల టన్నుల ద్రవ సహజవాయువు కొనే ఒప్పందాన్ని మన పెట్రోనెట్ సంస్థ 2024 ఫిబ్రవరిలో 2048 దాకా పొడిగించింది. అప్పటికి సంలీన కరెంటు వస్తే మొదటి కేంద్రాలు ఒకటో రెండో ఉంటాయి. గ్యాసును అవి రాత్రికి రాత్రి ఇంటికి పంపలేవు. ఖతర్‌లో గ్యాసు వాటాను ఇప్పుడు నిజంగా తగ్గిస్తున్నది ఎండే. అల్ ఖర్సా దగ్గర 800 మెగావాట్ల సౌర కేంద్రం 2022లోనే మొదలైంది. ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేసే మనిషి ఈ పదేళ్లలో తన ఉద్యోగం గురించి ఆలోచించాల్సి వస్తే అందుకు కారణం ఫ్యూజన్ కాదు.

అయినా ఆ మనిషికి దీనితో సంబంధం లేదనుకుంటే పొరపాటే. కాదరాష్‌లో జరుగుతున్న పనిలో పెద్ద భాగం వెల్డింగ్, పైపు ఫిట్టింగ్, స్కఫోల్డింగ్, భారీ బరువులు ఎత్తి దించడం, లీకు పరీక్షలు. రాస్ లఫ్ఫాన్‌లో షట్‌డౌన్ పనులకు పిలిచే 6జీ వెల్డర్, టిగ్ వెల్డర్, పైప్ ఫిట్టర్ చేసేవీ అలాంటి పనులే. అతిశీతల గొట్టాన్ని లీకు లేకుండా అతికే చేయి చాలా ఏళ్ల సాధనతో గాని తయారవదు. ఆ సాధన చేసినవాళ్లు మన జిల్లాల్లో ఇల్లిల్లూ వెతికితే దొరుకుతారు. వాళ్లు వీసా అయిపోయి ఊరికి తిరిగొచ్చాక ఆ పనితనాన్ని అడిగేవాళ్లు లేరు. ఆటో నడుపుతూనో, మళ్లీ ఏజెంటు చుట్టూ తిరుగుతూనో ఉంటారు.

ఈటర్ ఒప్పందంలో మనకు దక్కిన గొప్ప వరం ఒకటుంది. తొమ్మిది శాతం ఖర్చు పెట్టిన దేశానికి కూడా అక్కడ పుట్టే జ్ఞానం నూటికి నూరు శాతం అందుబాటులో ఉంటుంది. కానీ జ్ఞానం కాగితాల్లో వస్తుంది. దాన్ని ఉక్కుగా, అతుకుగా, శూన్యంగా మార్చేది చేతులే. చైనా ఈ సూత్రాన్ని బాగా పట్టుకుంది. ఈటర్ కోసం నేర్చుకున్న పనిని హఫేలోని సొంత యంత్రాల్లో పెట్టి, అదే మనుషులతో తర్వాతి యంత్రం మొదలుపెడుతోంది. మనం క్రయోస్టాట్ అప్పగించాక ఆ పనివాళ్లకు తర్వాతి పని చూపించాలి. ఐటీఐలలో అతిశీతల వెల్డింగ్, శూన్య పరీక్షలు నేర్పాలి. నేర్పడానికి గల్ఫ్ నుంచి వచ్చిన పనిమంతులను గౌరవంగా పిలవాలి. గాంధీనగర్ శాస్త్రవేత్తలు 2060 నాటికి దేశంలో సంలీన విద్యుత్ కేంద్రం నిలబెట్టాలని దారి గీశారు. అందులో పనిచేయబోయే వెల్డరు ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. అతనికి పని నేర్పాల్సిన మేస్త్రీ మాత్రం ఈరోజు రాస్ లఫ్ఫాన్‌లో టార్చి పట్టుకుని ఉన్నాడు. దేశాల మధ్య పోటీ ఎలా తేలినా, అతని పనితనాన్ని వాడుకోవడమా, వృథా పోనివ్వడమా అన్నది మన చేతిలోనే ఉంది.